దీవుల వాన వేళలు లెక్కగట్టిన నా ప్రాజెక్టు అనుభవం

నా పీజీ ప్రాజెక్టు ప్రశ్న ఇది. హిందూ మహాసముద్రం మీద పుట్టి, సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో తూర్పుకు సాగే ఎంజేఓ, అంటే మాడెన్-జూలియన్ ఆసిలేషన్ అనే భారీ వాన మబ్బుల గుంపు, ఇండోనేషియా దీవుల దగ్గరికొచ్చేసరికి ఎందుకు తరచు నీరసపడుతుంది? 1971లో మాడెన్, జూలియన్ దీన్ని గుర్తించినప్పటి నుంచి చాలామంది దీని వెంట పడ్డారు. నా వంతుకు వచ్చింది చిన్న ముక్క: ఆ దీవుల మీద రోజూ కురిసే వానకు ఇందులో పాత్ర ఉందా?

ఐమెర్గ్ ఉపగ్రహ వర్షపాత డేటా తీసుకున్నాను. అరగంటకో ఫైలు, రోజుకు 48. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, అలా ఎన్నో ఏళ్లవి. డౌన్‌లోడ్‌కి ఓపిక ఉంటే చాలు.

అసలు పని సమయం దగ్గర మొదలైంది. డేటా అంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. ఇండోనేషియా దాదాపు 95 నుంచి 141 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు పరుచుకుంది. 15 డిగ్రీలకు గంట చొప్పున రెండు కొసల మధ్య సూర్యుడి లెక్కలోనే మూడు గంటల తేడా. అందుకే టైమ్ జోన్ల జోలికి పోకుండా, మ్యాప్‌ను చిన్న చిన్న చదరాలుగా కోసిన డేటాలో ప్రతి గడి రేఖాంశాన్నీ 15తో భాగించి స్థానిక సౌర సమయానికి మార్చుకున్నాను.

ఆ తర్వాత సుమత్రా మ్యాప్ చూడముచ్చటగా వచ్చింది. పగలు నేల వేడెక్కి, సముద్రపు గాలి బరిసాన్ కొండలెక్కి, సాయంత్రానికి వాన ముదురుతుంది. రాత్రి అదే వాన పడమటి తీరం దాటి, తెల్లవారేసరికి సముద్రం మీద బాగా లోపలికి పోతుంది. నేల మీంచి వీచే రాత్రి గాలి ఒక్కటే అంత దూరం తోయలేదు. ఉరుము మేఘాలు గాలిలో పుట్టించే గురుత్వ తరంగాలకూ (నీటి మీది అలల్లా గాలిలో సాగే అలలు) ఇందులో భాగం ఉంది.

తర్వాత రోజుల్ని ఎంజేఓ దశల వారీగా విడదీశాను. 2004లో వీలర్, హెండన్ ఇచ్చిన సూచిక ఎంజేఓ ఎక్కడుందో దాన్ని బట్టి ప్రతి రోజుకూ 1 నుంచి 8 దాకా ఒక దశ, దాంతోపాటు దాని బలం చెబుతుంది. బలం 1 కన్నా తక్కువున్న రోజుల్ని పక్కన పెట్టాను. ఎంజేఓ దీవుల మీదికి చేరేది 4, 5 దశల్లో. అప్పుడు సముద్రం మీద వాన పెరిగింది, సరే. నేల మీద సాయంత్రపు వాన మాత్రం అంతకు ముందే, ఎంజేఓ ఇంకా పడమటనే ఉండగా, గట్టిగా కురిసింది! కోడ్‌లో తప్పుందేమోనని టెన్షన్ పడ్డాను. 2014లో పీట్‌మన్ బృందం ఇదే చూపించిందని మా గైడ్ చెప్పాకే ఊపిరి పీల్చుకున్నాను. ఎంజేఓ రాకముందు ఆకాశం కాస్త తెరిపిగా ఉండి నేలకు ఎండ తగులుతుంది, తేమ కూడా పెరుగుతూ ఉంటుంది. తీరా అది వచ్చాక మబ్బే ఎండను కప్పేస్తుంది.

దీవుల్ని దాటిన ఎంజేఓలనూ అక్కడే ఆగినవాటినీ వేరు చేస్తే ఇంకొకటి తేలింది. దాటినవాటిలో సముద్రం మీది వాన నేల మీది వానను మించింది. ఆగినవాటిలో నేలదే పైచేయి. పగలూ రాత్రీ మారే రోజువారీ చక్రాన్ని తీసేసిన కంప్యూటర్ వాతావరణ మోడళ్లలో ఎంజేఓ సులువుగా దాటిపోయిందన్న పరిశోధనకూ ఇది సరిపోతుంది. అయినా తప్పంతా సాయంత్రపు వాన మీదికే నెట్టడం నాకు నచ్చదు. కింది పొరల్లో తేమ గాలికి అడ్డుపడే కొండలున్నాయి కదా.

వైవాలో ఎగ్జామినర్ అక్కడే పట్టుకున్నారు: "నేల మీది వాన వల్ల ఎంజేఓ బలహీనపడుతోందా, లేక అది ముందే బలహీనంగా ఉంది కాబట్టి నేల మీద వాన నిలుస్తోందా?" ఉపగ్రహ డేటా ఒక్కదానితో అది తేలదని, చిన్న గడుల మోడల్‌లో ఒక్కొక్కటీ మార్చి చూడాలని చెప్పాను. ముతక గడుల మోడళ్లు ఎందుకు పనికిరావని అడిగారు. వాటిలో చాలావాటికి నేల మీద వాన మిట్టమధ్యాహ్నానికే వచ్చేస్తుందన్నాను.