డ్యాక్ మీద 44.1

పడుకున్నా ఆ అంకె కళ్ళముందు నుంచి పోవడం లేదు. 44.1. ఇక లేచి రాసేస్తున్నాను.

అన్నయ్య దసరాకి వచ్చినప్పుడు టోక్యో నుంచి రెండు ఎస్‌ఏసీడీలు (సూపర్ ఆడియో సీడీలు, మామూలు సీడీకన్నా ఎక్కువ వివరంగా ధ్వని ఎక్కించిన డిస్కులు) తెచ్చాడు, ఒకటి వయొలిన్, ఒకటి పియానో. ఇన్నాళ్ళూ కవరు కూడా విప్పలేదు. అత్తయ్య సీరియళ్ళు, పెద్దాడి పరీక్షలు, అన్నీ మీకు తెలిసినవే. ఇవాళ మధ్యాహ్నం ఇల్లు నా చేతికి దొరికింది. ప్లేయరు నుంచి డ్యాక్‌కి (డిజిటల్ అంకెల్ని ధ్వని సిగ్నలుగా మార్చే పెట్టె) కోయాక్సియల్ డిజిటల్ కేబుల్ ఇచ్చి, వయొలిన్ డిస్కు పెట్టి కూర్చున్నాను. డ్యాక్ మీద 44.1 వెలిగింది. అంటే డిస్కులో ఉన్న మామూలు సీడీ పొర. రిమోట్‌తో ఎస్‌ఏసీడీ పొరకి మార్చాను. అంకె ఆరిపోయింది, వయొలిన్ ఆగిపోయింది. లోపల డిస్కు తిరుగుతూనే ఉంది, ప్లేయరు మీద సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. పియానో డిస్కుకి ఆ 44.1 కూడా లేదు. అది సింగిల్ లేయర్ది, అందులో సీడీ పొరే ఉండదు.

కారణం నాకు తెలియనిది కాదు. తెలిసినందుకే ఒళ్ళు మండుతోంది. సీడీలో సెకనుకి 44,100 కొలతలు (డ్యాక్ మీది 44.1 అదే, వేలల్లో), ఒక్కో కొలతకి 16 బిట్లు. ఎస్‌ఏసీడీది వేరే పద్ధతి, డీఎస్‌డీ. ఒక్కటే బిట్టు, కానీ సెకనుకి 28,22,400 సార్లు. 1999లో ఈ డిస్కులు వచ్చినప్పుడే, డేటా బయటికి వస్తే జనం కాపీలు చేసుకుంటారని కోయాక్సియల్, ఆప్టికల్ దారులు రెండూ దీనికి మూసేశారు. కంప్యూటరు డీవీడీ డ్రైవులో పెడితే ఆ పొరని చదవనే చదవదు. 2005లో హెచ్‌డీఎంఐ 1.2 వచ్చాక ఆ కేబుల్లో పంపడానికి ఒప్పుకున్నారు, అదీ తాళం వేసి. మా డ్యాక్‌కి హెచ్‌డీఎంఐ లేదు, చాలా డ్యాక్‌లకి ఉండదు.

డిస్కు మాది, ప్లేయరు మాది, డ్యాక్ నేను దాచుకున్న డబ్బుతో కొన్నది. మధ్యలో ఉన్నది గజం పొడవు కేబుల్. ఆ గజం దూరం నా సంగీతం నా ఇంట్లో ప్రయాణం చెయ్యడానికి ఎవరో పర్మిషన్ ఇవ్వాలా? పైగా అదే డీఎస్‌డీని ఇప్పుడు ఫైళ్ళుగా, తాళమేమీ లేకుండా ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. ఆ ఫైలు కొని కంప్యూటరు నుంచి యూఎస్‌బీలో పంపితే ఇదే డ్యాక్ చక్కగా పాడుతుంది. మరి డిస్కు కొన్నవాళ్ళని ఇంకా ఎందుకు దొంగల్లా చూడడం? ప్లేయరు అట్టపెట్టె మీద డిజిటల్ అవుట్ అని పెద్ద అక్షరాలతో వేసి, ఎస్‌ఏసీడీకి అది పనిచెయ్యదన్న ముక్క మాన్యువల్ చివర్లో చిన్న అక్షరాల్లో దాచారు. అలా దాచడం నాకు అస్సలు నచ్చలేదు.

నాన్న గుర్తొచ్చారు. తెనాలిలో మాకు ఫిలిప్స్ టేప్‌రికార్డరు ఉండేది. బజార్లో రికార్డింగు షాపుకి వెళ్ళి, కావలసిన పాటల పేర్లు వరసగా రాసిన కాగితం, ఖాళీ క్యాసెట్టు ఇచ్చి వస్తే కొన్నాళ్ళకి ఎక్కించి ఇచ్చేవాడు. అరవై నిమిషాల క్యాసెట్టు. ఒక్కో వైపు ముప్పై దాటకుండా నాన్న ముందే లెక్క వేసుకునేవారు. చివరి పాట చరణం మధ్యలో తెగిపోయిందంటే ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు. క్యాసెట్టు ఇంటికొచ్చాక అసలు పని. మూత తీసి, పుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి హెడ్ తుడిచేవారు. దూదికి గోధుమరంగు అంటడం మానేదాకా తుడవాల్సిందే. ఆ తర్వాత హెడ్ పక్కన స్ప్రింగు మీద ఉండే చిన్న స్క్రూ. షాపువాళ్ళ మిషన్లో హెడ్ ఒక కోణంలోనూ మాది ఇంకో కోణంలోనూ ఉంటే, దుప్పటి ముసుగులోంచి పాడినట్టు ఉంటుంది పాట. నాన్న సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి వెంట్రుకవాసి తిప్పుతూ, "అమ్మాయ్, తాళాల చప్పుడు విడిగా వినబడుతోందా?" అని అడిగేవారు. ఇంకొంచెం అంటే ఇంకొంచెం. ఆ, ఇక్కడ, అనగానే చెయ్యి తీసేసేవారు. నా చెవిని ఆయన నమ్మినంతగా ఇంకెవరూ నమ్మలేదు. ఈయన సరే, ఇవాళ వచ్చీ రాగానే రెండు పొరలూ వినిపిస్తే "ఒకేలా ఉన్నాయిగా" అని టీ అడిగారు.

ఇంతవరకూ రాశాక ఈయన మాట కొట్టిపారెయ్యలేకపోతున్నాను. సాయంత్రం చేసింది ఇది. ఎస్‌ఏసీడీ పొరని ప్లేయరు సొంత అనలాగ్ అవుట్ నుంచి ఆర్‌సీఏ కేబుళ్ళతో ఆంప్లిఫయరుకి ఇచ్చాను, సీడీ పొరని డ్యాక్ ద్వారా. కాస్త గట్టిగా వినబడేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది కాబట్టి, ఫోనులో మీటరు పెట్టి శబ్దం రెండింటికీ సమానం చేశాను. మంద్రస్థాయిలో కమాను తీగని పట్టుకుని లాగే ఆ గరుకు రెండింట్లోనూ ఉంది. ఎంత బాగుందో! తేడా మాత్రం ఇదీ అని వేలు పెట్టి చూపించలేను.

2007లో మేయర్, మోరన్ అనే ఇద్దరు అమెరికాలో చేసిన పరీక్ష ఒకటుంది. హై రిజల్యూషన్ డిస్కుల ధ్వనినీ, అదే ధ్వనిని సీడీ స్థాయికి దించినదాన్నీ మార్చి మార్చి వినిపించారు. 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారట, అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. ఇన్నాళ్ళూ ఆ లెక్క ఒప్పుకోబుద్ధి కాలేదు. వాళ్ళే ఇంకో మాట కూడా రాశారు: ఈ డిస్కులు చాలావరకు మామూలు సీడీలకన్నా బాగానే ఉంటాయి, ఎక్కించినవాళ్ళు శ్రద్ధ పెట్టారు కాబట్టి. ఈ రెండో మాటతో నాకు గొడవ లేదు.

అందుకని హెచ్‌డీఎంఐ లోంచి ఆడియో విడదీసే పెట్టె, డీఎస్‌డీని సెకనుకి 88,200 కొలతలుగా మార్చి డ్యాక్‌కి ఇచ్చేది, కార్టులో పెట్టుకున్నాను గానీ తీసేశాను. ఎస్‌ఏసీడీలు అనలాగ్ దారిలో, సీడీలు డ్యాక్ దారిలో. ఆంప్లిఫయరుకి ఇన్‌పుట్లు చాలినన్ని ఉన్నాయి. తాళం మీద కోపం మాత్రం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు. అన్నయ్యకి మెసేజ్ పెట్టాను: ఈసారి సింగిల్ లేయర్‌వి వద్దు, సీడీ పొర కూడా ఉండే హైబ్రిడ్ అని రాసి ఉన్నవే తీసుకో, వీణ దొరికితే రెండు తీసుకో.