గ్యాస్ అందరికీ, నొప్పి కొందరికే

స్కానింగులో ఏమీ కనబడదు, కొలనోస్కోపీ బాగానే ఉందంటారు, రక్తపరీక్షలూ నార్మలే; అయినా కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో మనిషిని వదలవు. ఇదే ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్). కొన్నేళ్లుగా దానితో నెట్టుకొస్తున్నాను కనుక, తప్పంతా పేగుల్లోని బ్యాక్టీరియాదేనని, వాటిని మారిస్తే చాలునని ఎవరైనా తేలిగ్గా చెబితే నాకు నమ్మబుద్ధి కాదు. వాటి ప్రమేయం ఉన్నమాట నిజమే కానీ, నొప్పి పుట్టాలంటే పేగు గోడ, నాడులు కూడా తోడవ్వాలి.

ఆ ప్రమేయానికి గట్టి సాక్ష్యం, ఇన్ఫెక్షన్ తరువాత మొదలయ్యే ఐబీఎస్. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీటిలో ఈ.కోలి, క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా కలవడంతో సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు మరణించారు. ఆ తరువాత ఏళ్ల తరబడి పట్టణవాసులను పరిశీలించగా, అప్పట్లో విరేచనాల పాలైనవారిలో ఐబీఎస్ మిగతావారికంటే చాలా ఎక్కువగా కనబడింది. ఎనిమిదేళ్లకు కూడా ఆ తేడా చెరిగిపోలేదు. క్రిములు ఎప్పుడో పోయినా పేగు ఎందుకు కుదుటపడలేదు? దీనికి ఒక కారణాన్ని బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు 2021లో ఎలుకల్లో చూపారు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు తిన్న ఆహారంలోని ప్రోటీన్‌ను పేగులోని రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది; జబ్బు తగ్గాక మళ్లీ అదే ఆహారం తగిలితే అక్కడి మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదిలి నొప్పి నాడులను రెచ్చగొడతాయి.

ఇక గ్యాస్ సంగతి. చిన్నపేగులో జీర్ణం కాని పిండిపదార్థాలను పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టినప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. దానిని మీథేన్‌గా మార్చేవి ఆర్కియా అనే వేరే జాతి సూక్ష్మజీవులు, మీథేన్ ఎక్కువగా ఉన్నవారిలో మలబద్ధకం ఎక్కువ. అయితే 2017లో వెలువడిన బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధనను నేను మరింత ముఖ్యమైనదిగా భావిస్తాను. ఐబీఎస్ ఉన్నవారికీ ఆరోగ్యవంతులకూ ఇన్యులిన్ అనే, పేగులో పులిసే పీచుపదార్థం కలిపిన పానీయం తాగించి ఎంఆర్‌ఐ తీస్తే, ఇద్దరి పెద్దపేగుల్లోనూ గ్యాస్ దాదాపు సమానంగానే పెరిగింది, బాధ మాత్రం ఐబీఎస్ ఉన్నవారికే ఎక్కువగా కలిగింది. బ్యాక్టీరియా చేసిన పని ఒకటే. ఆ సాగుదలను నొప్పిగా గ్రహించిన పేగు వేరు.

చికిత్సల ఫలితాలు అరకొరగా ఉండటానికి ఇది కొంత కారణమని నా అనుమానం. మలబద్ధకం లేని ఐబీఎస్‌కు రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చిన ప్రయోగాల్లో, 2011లో ప్రచురించిన లెక్కల ప్రకారం, సుమారు 41 శాతం మందికి ఉపశమనం దొరకగా, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలోనూ అది 32 శాతం దాకా ఉంది. పేగులో తేలిగ్గా పులిసే పిండిపదార్థాలను తగ్గించేలా ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన లో ఫాడ్‌మ్యాప్ ఆహారం చాలామందికి ఉపయోగపడుతుంది, కానీ అది మేలుచేసే బైఫిడోబ్యాక్టీరియాను కూడా తగ్గిస్తుంది కనుక, కొన్ని వారాల తరువాత ఆపిన పదార్థాలను ఒక్కొక్కటిగా తిరిగి చేర్చుకోవాలి. మేలుచేసే సూక్ష్మజీవులుండే ప్రోబయాటిక్స్‌నైతే అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2021 మార్గదర్శకాల్లో సిఫారసు చేయలేదు. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను రోగి పేగులోకి చేర్చే మల మార్పిడి నార్వేలో అద్భుతంగా పనిచేసిందన్నారు, డెన్మార్క్‌లో ఉత్తుత్తి క్యాప్సూళ్లే మెరుగనిపించాయి.

ఇంటికి తెప్పించుకునే మల పరీక్ష కిట్లకు డబ్బు పెట్టడం నా దృష్టిలో వృథా. ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో చూసి ఐబీఎస్‌ను నిర్ధారించే పద్ధతి ఇంతవరకు లేదు. ఐబీఎస్‌ను నిర్ధారించడానికి వైద్యులు వాడే 2016 నాటి రోమ్ 4 ప్రమాణాలు కూడా గత మూడు నెలల్లో సగటున వారానికి ఒకరోజైనా వచ్చే నొప్పిని, దానితోపాటు మారే మలవిసర్జన తీరునే అడుగుతాయి.