సంకరజాతి గుడ్ల కోళ్లతో రెండేళ్లు

చంద్రగిరి దగ్గర మా పెరట్లో నేను పుట్టకముందు నుంచి నాటుకోళ్లే ఉండేవి. రెండేళ్ల క్రితం నేను 18 వారాల వయసున్న 12 తెల్ల లెగ్‌హార్న్ సంకరజాతి పెట్టలను తెచ్చి గంపలోంచి వదిలినప్పుడు, మా అమ్మ కాసేపు చూసి, "ఇవి కోళ్లా, కొంగలా?" అని అడిగింది.

గుడ్ల విషయంలో మాత్రం అమ్మ కూడా వాటికి వంక పెట్టలేకపోయింది. నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టగానే పొదుగుకు కూర్చుంటుంది. ఆ తరువాత పిల్లలను తిప్పుకుంటూ రెండు మూడు నెలలు గుడ్ల మాటే ఎత్తదు కాబట్టి, ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు ఇస్తే అదే గొప్ప. సంకరజాతి పెట్టకు పొదుగు ధ్యాసే ఉండదు. 20 వారాలు నిండే సరికి మొదలుపెట్టి, మేత, వెలుతురు సరిగా అమరితే ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతుంది. మొదటి ఏడాది మాకు రోజుకు తొమ్మిది గుడ్లకు తగ్గడం అరుదు. చిక్కల్లా పెరటాసిలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెలలో వచ్చింది. మా ఇంట్లోనూ, చుట్టుపక్కల ఇళ్లలోనూ ఆ నెలంతా గుడ్డు ముట్టరు. పెరటాసి అని కోళ్లకు ఎవరు చెబుతారు?

అసలు ఖర్చు మేత దగ్గరే ఉంది. ఒక్కో పెట్ట రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది. నాటుకోళ్లలాగే ఇవీ పెరట్లో ఏరుకుంటాయిలే అని, నేను గుడ్ల కోళ్లకు వేసే లేయరు దాణా తగ్గించి నూకలు, తవుడు, రాగులు వేశాను. మూడో వారంలో ఒక ఉదయం గూట్లో చెయ్యి పెడితే గుడ్డు మెత్తగా తగిలింది. పెంకు లేదు, లోపలి పచ్చసొన నీడలా కనిపించే పలుచని పొర మాత్రమే ఉంది, అరచేతిలో పెట్టుకుంటే నీళ్లు నింపిన సంచిలా ఒక పక్కకు వాలింది. మా ఊళ్లో దీన్ని తోలుగుడ్డు అంటారు. ఒక్కో గుడ్డు పెంకుకు రెండు గ్రాముల దాకా కాల్షియం కావాలి. అది మేతలో దొరకకపోతే పెట్ట తన ఎముకల నుంచే తీసి ఇస్తుంది, అందుకే అప్పటికే రెండు పెట్టలు కాళ్లు ఈడుస్తున్నాయి. దాణా మళ్లీ మొదలుపెట్టి, గవ్వల పొడిని వేరే గిన్నెలో పెట్టాక నెలరోజులకు గానీ కుదుటపడలేదు. అలాగని గుడ్లకు రాని పిల్లలకు ఈ దాణా వేయకూడదు, అంత కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది.

మే నెల ఎండలకు ఇవి అసలు ఆగలేవు. మధ్యాహ్నం నోరు తెరిచి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని రొప్పుతూ నిలబడతాయి. అంతగా రొప్పితే రక్తంలో పెంకు కట్టడానికి కావలసిన కార్బనేటు తగ్గిపోతుంది కనుక, మేత సరిగా ఉన్నా పెంకు పలుచబడుతుంది. రేకుల షెడ్డు మీద కొబ్బరి మట్టలు పరిచి, నీళ్లు చల్లి ఎలాగో నెట్టుకొచ్చాను.

గద్ద నీడ పడితే నాటుపెట్ట అరిచి కంచె కిందికి దూరుతుంది. ఒకదాన్నొకటి పొడుచుకోకుండా ముక్కు కత్తిరించి పంపిన ఈ తెల్లకోళ్లు మాత్రం తలెత్తి చూస్తూ నిలబడేవి. అలా రెండు పోయాయి. కొక్కెర తెగులుకు టీకా వేయించడం రెండు జాతులకూ తప్పదు, ఆ విషయంలో తేడా లేదు.

80 వారాలు దాటాక గుడ్లు తగ్గసాగాయి, కానీ తిండి తగ్గలేదు. వ్యాపార ఫారాల్లో అయితే ఈ వయసుకు తీసేస్తారు. కూరకు పనికొస్తాయేమో అని ఒకదాన్ని పులుసు పెట్టాం. ఎముకలే తప్ప కండ లేదు. రాగి సంగటి ముందు పెట్టుకుని అమ్మ ఆ గిన్నెను పక్కకు జరిపేసింది.

రోజూ గుడ్లు కావలసిన వాళ్లు, దాణా ఖర్చు పెట్టగలిగిన వాళ్లు ఈ జాతిని పెంచవచ్చు; వదిలేస్తే అవే బతుకుతాయని అనుకునే వాళ్లు మాత్రం వీటి జోలికి పోకపోవడం మంచిది. నేను ఈసారి గ్రామప్రియ పెట్టలు ఆరింటిని తెచ్చాను. హైదరాబాదులోని రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన జాతి అది. గోధుమరంగు ఈకలతో మట్టిలో కలిసిపోతుంది, గుడ్లు తెల్లకోళ్లకన్నా తక్కువే అయినా నాటువాటికన్నా చాలా ఎక్కువ. పొదగడం దానికీ రాదు కాబట్టి రెండు నాటుపెట్టలను ఉంచుకున్నాం. వాటిలో ఒకటి ప్రస్తుతం వంటింటి మూల గంపలో 11 గుడ్ల మీద కూర్చుని ఉంది, దగ్గరికి వెళితే పొడుస్తోంది.