తంగరాజ్ మీద ఒట్టు

మన బడి పాత విద్యార్థుల కలయిక సావనీర్‌కు ఏదో ఒకటి రాయమని కమిటీవాళ్లు వదలకుండా ఫోన్లు చేస్తున్నారు. బడిగంట దొంగతనం గురించి ఎలాగూ పొట్టిగాడు రాస్తాడు, అబద్ధాలన్నీ కలిపి. నేను డ్రిల్ సారు దగ్గరే ఆగిపోతా.

ఎనిమిదో తరగతి దాకా ఫుట్‌బాల్లో నేను సెంటర్ ఫార్వర్డ్‌నని మీలో ఎందరికి గుర్తుంది? ఓ సాయంత్రం సారు నా చొక్కా పట్టుకుని లాక్కెళ్లి పోస్టుల మధ్య నిలబెట్టి, "తంగరాజ్ కూడా సెంటర్ ఫార్వర్డేరా, మిలిటరీలో చేరాకే గోలీ, అదే గోల్‌కీపర్, అయ్యాడు" అన్నాడు. ఇక రోజూ అదే పాట. పీటర్ తంగరాజ్ మన హైదరాబాదోడు, నీలగిరుల్లోని వెల్లింగ్టన్ మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ టీము 1955లో, 1958లో డ్యూరాండ్ కప్పు గెలిచినప్పుడు అందులో ఉన్నాడు, మెల్‌బోర్న్, రోమ్ ఒలింపిక్స్ ఆడాడు, 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో కొట్టినప్పుడు మన గోల్లో ఆయనే. ఆ టీము కోచ్ రహీం సాబ్ కూడా మన ఊరాయనేనని సారు మీసం తిప్పేవాడు. అదంతా చెబుతూనే ఆరడుగుల దూరం నుంచి బంతి విసిరేవాడు. మొహం పక్కకి తిప్పామా, ఇంకో పది. ఆ కంకర గ్రౌండులో డైవ్ కొట్టి మోచేతుల్లో దిగిన రాళ్లను సారే పిన్నీసుతో తీసేవాడు, మళ్లీ తంగరాజ్ కథ చెబుతూ.

టెన్త్ ఎలా పాసయ్యానో దేవుడికే తెలియాలి. ఆర్మీ భర్తీ ర్యాలీలో సెలెక్టయి నేనూ వెల్లింగ్టన్‌లోనే తేలా. ఆ నీలగిరి చలిలో పొద్దున్నే "వీర మద్రాసీ, అడి కొల్లు" అని రెజిమెంటు యుద్ధనినాదంతో గొంతు చించుకుని, సాయంత్రం గోల్‌పోస్టు దగ్గర నిలబడేవాణ్ణి. తంగరాజ్ తర్వాత పటాలం వదిలి కలకత్తా క్లబ్బులకు ఆడాడని అక్కడే తెలిసింది. సారు ఆ ముక్క ఎన్నడూ నోరు జారలేదు, గట్టివాడే! తంగరాజ్‌లా ఒలింపిక్స్ నాకెక్కడ, బెటాలియన్ టీము గోలీగానే ఆగిపోయా. కానీ పెన్షన్ దాకా పటాలం మాత్రం వదల్లేదు. సుబేదార్‌గా దిగా. మా అమ్మాయి మిలిటరీ నర్సింగ్‌లో లెఫ్టినెంట్, ర్యాంకులో నాకన్నా పైన, సెల్యూట్ నేనే కొట్టాలి. కొడతా కూడా, మా ఆవిడ నవ్వుతున్నా సరే.

మనం కలిసే రోజు భోజనాలయ్యాక గ్రౌండుకి గ్లవ్స్ తెచ్చుకుంటున్నా. టెన్త్ బి వాళ్లు, మోకాళ్లు సహకరిస్తే రండి. పెనాల్టీలు మాత్రమే, పరుగులు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.