ఒగ్గేయడానికి ఇంగ్లీషోడి మాటలు

మన బడి బ్యాచ్ సంచికకి కమిటీ వాళ్లు "ఏదో ఒకటి రాయి, పేజీ దాటకు" అన్నారు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా సంగతులు మిగతా వాళ్లు రాస్తారులెండి. నాకు మిగిలింది పదిలో ఇంగ్లీషు మాస్టారే.

1975, గాంధీ జయంతి మర్నాడు. హిందూ పేపరు చంకలో పెట్టుకొచ్చి, పాఠం పక్కన పడేసి, మనీలాలో అలీ, ఫ్రేజియర్ల బాక్సింగు పోటీ మొదలెట్టేశారు. 14 రౌండ్లయ్యేసరికి ఫ్రేజియర్‌కి కళ్లు వాచిపోయి ఎదటి మనిషి ఆనడం లేదట. 15వ రౌండుకి లేవబోతుంటే కోచ్ ఎడ్డీ ఫచ్ చాలని ఆపించేశాడట.

"బాక్సింగులో ఇలా ఒగ్గేయడాన్నే 'త్రో ఇన్ ద టవల్' అంటార్రా" అంటూ భుజమ్మీది తువ్వాలు బల్ల మీదకి విసిరారు. అది జారి ఎవడి మొహమ్మీద పడిందో, వాడి పేరు ఆ రోజు నుంచి ఏమయిందో మీకు చెప్పక్కర్లేదు. తువ్వాలు కన్నా ముందు స్పాంజి విసిరేవారట.

"వస్తాదు కోడి రామమూర్తి తిరిగిన ఊళ్లో మనకీ మాటలెందుకండీ?" అంది వెనక బెంచీ.

"ఓడిపోయినప్పుడైనా ఇంగ్లీషులో తప్పుల్లేకుండా ఓడిపోవాలి కదరా!"

ఇంక బోర్డు నిండిపోయింది. క్విట్, అబాండన్, రిలింక్విష్. 'గివప్' తరవాత 'టు స్మోక్' రాదు, 'స్మోకింగ్' రావాలి. చుట్ట మానలేని మనిషే చెప్పారది. మాట్నీకి గోడ దూకే బ్యాచ్‌ని చూస్తూ 'ఫ్రెంచి లీవు' చెప్పారు. చెప్పకుండా జారుకోవడాన్ని ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లకి అంటగట్టారు. ఫ్రెంచివాళ్లేమో దాన్నే 'ఇంగ్లీషు పద్ధతిలో పోవడం' అంటారు. మన విజయనగరంలో మూడులాంతర్ల వాళ్లూ కంటోన్మెంటు వాళ్లూ ఒకరి మీద ఒకరు చెప్పుకున్నట్టే.

నేను బ్యాంకులో ఉండగా, 2000లో బ్యాంకుల్లో వీఆర్ఎస్, అంటే ఇష్టపడి ముందే రిటైరయ్యే పథకం, వచ్చింది. 15 ఏళ్ల సర్వీసో, 40 ఏళ్ల వయసో ఉంటే చాలు. బ్రాంచిలో వెళ్లిపోదామనుకున్న వాళ్లంతా నా టేబులు దగ్గరే. "బావూ, ఆ కాయితం నువ్వు రాసిస్తేనే బాగుంటది" అని. 'రిజైన్' అని పడకూడదు, బ్యాంకు పింఛను రూల్స్‌లో రాజీనామా చేసినవాడికి పాత సర్వీసంతా పోతుంది. 'వాలంటరీ రిటైర్మెంట్' అనే ఉండాలి. వాటిల్లో ఒక్కటీ తప్పుందని వెనక్కి రాలేదు. అర్హత నాకూ ఉంది గానీ నా కాయితం రాసుకోలేదు. 2020లో చీఫ్ మేనేజరుగా రిటైరయ్యాను, పూర్తి సర్వీసుతో.

అన్నట్టు, ఫ్రెంచి లీవు బ్యాచ్‌లో వాడే కదా ఇప్పుడు మన కోశాధికారి. నా చందాకి రశీదు ఇంకా రాలేదురా.