మూగవ్రతం

ఈ రోజు ఆశ్వయుజ పౌర్ణమి. దసరా సెలవులయ్యాక పిల్లలింకా పూర్తిగా రాలేదు, తొమ్మిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. ప్రేయర్ అయ్యేలోపే ఇద్దరు టీచర్లు సెలవని మెసేజ్ పెట్టారు. ఇక రానివాళ్ళ క్లాసులు వేరేవాళ్ళకి సర్దే అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్ తియ్యడం, ఆ పీరియడ్‌లో ఎవరికి లీజర్ (ఖాళీ) ఉందో చూసి వాళ్ళ పేరు రాయడం, అటెండర్ చేత సంతకాలకి పంపడం. హెచ్చెమ్ అయిన దగ్గర్నుంచీ నా పొద్దు ఇలాగే మొదలవుతోంది.

కానీ ఈ పౌర్ణమి కోసం నెల రోజులుగా ఎదురుచూస్తున్నాను. దానికి కారణం ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి. భాద్రపదంలో వాన కాస్త తెరిపిచ్చిన రోజు చూసి పిల్లల్ని తొట్లకొండ తీసుకెళ్ళాం. భీమిలి బీచ్ రోడ్డు పక్కనే కొండ, పైన రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ విహారం, 1988 నుంచి తవ్వకాలు చేస్తే బయటపడింది. రాతిలో తొలిచిన తొట్లలో వాననీళ్ళు నిలిచి ఉన్నాయి, ఆ తొట్ల వల్లే కొండకి ఆ పేరు. భిక్షువులు వానాకాలం మూడు నెలలూ ఊళ్ళు తిరగకుండా ఒక్కచోటే ఉండేవారు, దాన్ని వర్షావాసం అంటారు అని చెబుతూ వరసగా ఉన్న చిన్నచిన్న గదుల పునాదులు చూపిస్తుంటే ఆ పిల్ల అడిగింది, "ఇంతమంది మూడు నెలలు ఇక్కడే ఉండిపోతే దెబ్బలాడుకోరా మేడమ్?" అని. ఇరవై ఏళ్ళు సోషల్ చెప్పాను, స్తూపం కొలతలు చెప్పగలను, ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంటికొచ్చి బౌద్ధ భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో మహావగ్గ అనే భాగం వెతుక్కుని చదివాను. అందులో ఆ పిల్ల ప్రశ్నకి సరిగ్గా జవాబు ఉంది. కోసల దేశంలో కొందరు భిక్షువులు అచ్చం ఇదే భయంతో, గొడవలు రాకుండా వానాకాలం గడవాలంటే ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోకపోవడమే మేలని ఒప్పందం చేసుకున్నారట. భిక్ష నుంచి ముందొచ్చిన వాళ్ళు ఆసనాలు వేసి కాళ్ళకి నీళ్ళు పెట్టాలి, ఆఖర్న వచ్చినవాళ్ళు అన్నీ తీసి శుభ్రం చెయ్యాలి, ఖాళీ కుండ కనిపిస్తే నింపాలి, ఒక్కడి వల్ల కాకపోతే చేత్తో సైగ చేసి ఇంకొకర్ని పిలవాలి, అంతేగానీ నోరు విప్పకూడదు. మూడు నెలలూ అలా గడిపి బుద్ధుడి దగ్గరికెళ్ళి హాయిగా ఉన్నాం అని చెప్పుకున్నారు. ఆయన మెచ్చుకోలేదు. కష్టంగా గడిపి హాయిగా గడిపామంటున్నారు, పశువులు కలిసి ఉన్నట్టు ఉన్నారు, గొర్రెలు కలిసి ఉన్నట్టు ఉన్నారు అని మందలించి మూగవ్రతం పట్టొద్దన్నాడు. ఆ చోట పాలిలో ఉన్న మాట మూగబ్బత, మన మూగవ్రతమే. అది చదివి పుస్తకం మూసేశాను. ఎందుకంటే "మా స్కూల్లో స్టాఫ్ గొడవలుండవండీ" అని మీటింగుల్లో గర్వంగా చెప్పే మనిషిని నేను.

ఆ వ్రతానికి బదులు బుద్ధుడు పెట్టిందే పవారణ. వర్షావాసం ముగిసే పౌర్ణమి నాడు భిక్షువులంతా కూడి, పెద్దవాడితో మొదలుపెట్టి ఒక్కొక్కరూ గొంతుకూర్చుని చేతులు జోడించి, మీరు చూసింది గానీ విన్నది గానీ అనుమానించింది గానీ నాలో ఏ తప్పున్నా దయతో చెప్పండి, చూసి సరిదిద్దుకుంటాను అని మూడుసార్లు అడగాలి. అనుమానించింది కూడా! ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. బుద్ధుడి ఉపదేశాల సంకలనం సంయుత్తనికాయలో అయితే శ్రావస్తిలో 500 మంది భిక్షువుల ముందు బుద్ధుడే మొదట అడుగుతాడు, నా చేతలో గానీ మాటలో గానీ తప్పు పట్టాల్సింది ఏమైనా ఉందా అని. అంత పెద్దవాడు ముందు అడిగాక కింది వాళ్ళకి భయమెందుకుంటుంది? లీడర్‌షిప్ మీద మాకిచ్చిన ట్రైనింగులన్నిట్లో చెప్పినదానికంటే ఇది పెద్దదని నా నమ్మకం.

సరే, సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక పది నిమిషాలు ఉండమని స్టాఫ్‌ని అడిగాను. కుర్చీ టేబుల్ వెనక నుంచి తీసి ఇవతల వేసుకుని, బళ్ళు తెరిచిన దగ్గర్నుంచీ నా వల్ల ఎవరికి ఏ ఇబ్బంది కలిగినా చెప్పండి, విన్నదైనా అనుమానమైనా సరే అన్నాను. ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. మళ్ళీ అడిగితే పీఈటీ సార్ "అబ్బే, మీతో ఏం ప్రాబ్లం లేదు మేడమ్" అన్నారు. మూడుసార్లు అని ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమైంది, ఒక్కసారి అడిగితే మర్యాదే బయటికొస్తుంది. మూడోసారికి డ్రాయింగ్ సార్ గొంతు సవరించుకుని, "ప్రేయర్‌కి ఎవరైనా లేటయితే మీరు ఏమీ అనరు మేడమ్, కానీ పిల్లలందరి ముందూ వాచీ చూసుకుంటారు" అన్నారు. నిజమే. తిట్టడం కంటే అది నయమనుకున్నాను ఇన్నాళ్ళూ.

అందరూ వెళ్ళాక లెక్కల మేడమ్ ఒక్కరే ఆగారు. "ఒక మాట మేడమ్" అని అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్ తెచ్చి జులై పేజీ దగ్గర తెరిచి పెట్టారు. ఎర్ర ఇంకుతో నేను రాసిన పేరు, పక్కన ఆవిడ పొడి అక్షరాల సంతకం. పేజీ తిప్పితే మళ్ళీ అదే, ఒక్కోచోట ఒకే రోజు రెండుసార్లు. సెప్టెంబరు ఆఖరుకి వచ్చేసరికి సంతకం కాస్తా ఒక గీత అయిపోయింది. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. 41 పీరియడ్లు. ఆవిడ తర్వాత ఎక్కువ పడినవాళ్ళకి 17. "కాదన్నవాళ్ళ పేరు మీరు మళ్ళీ రాయరు, నేను కాదనలేను, అంతే మేడమ్. తప్పనడం లేదు" అన్నారు.

ముందే చెప్పొచ్చు కదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేని పరిస్థితి కల్పించింది నేనే కదా, ఆ మాట మింగేశాను. ఎదుటివాడి తప్పు ఎత్తే ముందు "నాకు అవకాశం ఇవ్వండి" అని అడగాలన్న నియమం కూడా ఆ మహావగ్గలోనే ఉంది, ఓకాస అంటారు. ఈవిడ దాదాపు అలాగే అడిగి, ఉన్నదే చెప్పి, నెమ్మదిగా చెప్పి, నా మీద కోపం లేకుండా చెప్పారు. ఏ పుస్తకమూ చదవకుండానే. "చూశానమ్మా. సరిచేస్తాను" అన్నాను. ఆవిడ బస్సుకి టైమైందని గబగబా వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక ఇంకో పని మిగిలింది. బడిలో అడగడం కంటే ఇదే కష్టమని ముందే తెలుసు. అన్నాలయ్యాక డాబా మీద వెన్నెల్లో మా ఆయన్ని అడిగాను, "ఏవండీ, నా మీద మీకు మనసులో ఏదైనా ఉందా" అని. ఏం లేదన్నారు. మూడోసారి అడిగాక చాలాసేపు చూసి, "శ్రావణంలో అమ్మ సంవత్సరీకం రోజు నువ్వు భోక్తలు భోజనానికి కూర్చున్నాక వచ్చావు. ఇన్‌స్పెక్షన్ అన్నావు. నేనేమీ అనలేదు కదా" అన్నారు.

ఏమీ అనలేదు. ఆ రోజు నుంచీ పొద్దున్నే నా బండి బయట పెడుతున్నారు, బాటిల్‌లో నీళ్ళు నింపి పెడుతున్నారు, గ్యాస్ బుక్ చేస్తున్నారు, నేను ఆయన చొక్కాలు ఇస్త్రీకి ఇస్తున్నాను. ఆసనాలు వేసి కుండలు నింపుకున్న కోసల భిక్షువుల్లాగే. రెండు నెలలు దాటింది. నేనది సర్దుకుపోవడం అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. అత్తయ్య ఆఖరి రోజుల గురించి, ఆ రోజు పిండాలు పెడుతూ వీధి గుమ్మం వైపు ఎన్నిసార్లు చూశారో దాని గురించి. నేను ఎక్కడా అడ్డు రాలేదు, ఇన్‌స్పెక్షన్ మాట ఎత్తలేదు. చంద్రుడు కొబ్బరిచెట్టు దాటి మా మీదికి వచ్చేశాడు. కిందికి దిగేసరికి పన్నెండు అయింది.

రిజిస్టర్ ఇంటికి తెచ్చుకున్నాను. రేపు కూడా తెలుగు మేడమ్ సెలవే, మూడో పీరియడ్ ఎనిమిదో తరగతి బి సెక్షన్. లెక్కల మేడమ్‌కే లీజర్ ఉంది. ఆ గడిలో నా పేరు రాసి సంతకం పెట్టాను.