పురుటికి వెళ్ళేలోగా జపనీస్

శ్రావణమాసంలో మా అమ్మాయి ఫోన్ చేసి, ఫిబ్రవరిలో కాన్పు అని చెప్పింది. వాళ్ళు ఉండేది జపాన్‌లో, కవాసాకిలో. పురుటికి నేనే వెళ్ళాలి. "అక్కడ ఇంగ్లీషుతో నెట్టుకురావచ్చా?" అని అడిగితే, "మేం పక్కనుంటే పర్వాలేదమ్మా. నువ్వొక్కదానివే కూరగాయలకి వెళ్తే మాత్రం కష్టం" అంది. చేతిలో ఉన్నది ఆరు నెలల లోపే. తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో 33 ఏళ్ళు తెలుగు చెప్పినదాన్ని, కొత్త భాషంటే నాకు భయం లేదు. కళ్ళే సహకరించవు. అరగంట పుస్తకం పట్టుకుంటే తలనొప్పి. అందుకని చెవుల్ని నమ్ముకున్నాను.

అల్లుడు ఫోన్లో పిమ్స్లర్ అనే ఆడియో కోర్సు పెట్టించాడు. ఒక్కో పాఠం అరగంట, ఒక్కో స్థాయికి 30 పాఠాలు. పొద్దున వంటింట్లో పని చేసుకుంటూ వినేదాన్ని. ఒక మాట చెప్తారు, మనల్ని అనమంటారు, వేరే సంగతిలోకి వెళ్తారు, ఇక మర్చిపోతామనగా మళ్ళీ అదే అడుగుతారు. ఆ కోర్సు రూపొందించిన పాల్ పిమ్స్లర్ 1967లో ప్రతిపాదించిన లెక్క ఇది: 5 సెకన్లకు, 25 సెకన్లకు, 2 నిమిషాలకు, 10 నిమిషాలకు, గంటకు, ఇలా ఎడం పెంచుకుంటూ గుర్తు చేయడం. పొడుగాటి మాటని చివరి నుంచి పలికిస్తారు. "సెన్… మసెన్… సుమిమసెన్." బడిలో పిల్లలకి నోరు తిరగని సమాసాలు నేనూ ఇలాగే విడగొట్టి చెప్పేదాన్ని కాబట్టి ఆ పద్ధతి వెంటనే నచ్చింది.

అయినా మూడు వారాలకి బండి ఆగింది. అడిగేది ఇంగ్లీషులో. నేను దాన్ని తెలుగులోకి తెచ్చుకుని, మళ్ళీ ఇంగ్లీషు వరసలోకి మార్చి, అక్కణ్ణించి జపనీస్ వెతుక్కునేసరికి జవాబు చెప్పాల్సిన సమయం దాటిపోయేది. ఒకరోజు బియ్యం కడుగుతుంటే "తకుషీ దె ఎకి ని ఇకిమస్" అని వినిపించింది. టాక్సీ-లో, స్టేషన్-కి, వెళ్తాను. మాటకి మాట, ప్రత్యయానికి ప్రత్యయం సరిపోయాయి. పైగా మన "వెళ్తాను" లాగే "ఇకిమస్" కూడా రోజూ వెళ్ళడానికీ రేపు వెళ్ళబోవడానికీ రెండింటికీ పనికొస్తుంది. ఫోన్ ఆపేసి, గిన్నె పక్కన పెట్టి, ఒక నోటుబుక్కు వెతికి తెలుగు లిపిలో ఆ వాక్యం రాసుకున్నాను. ఆ రోజు నుంచీ ఇంగ్లీషు ప్రశ్న వినగానే ముందు తెలుగులో గట్టిగా అనుకుని, ఆ వరసలోనే జపనీస్ పేర్చడం మొదలుపెట్టాను.

ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరుంది. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పేజీ "తబెతె మిమస్". తబెతె అంటే తిని, మిమస్ అంటే చూస్తాను. తిని చూస్తాను! రుచి చూడడానికీ ప్రయత్నించడానికీ "చూడు" అనే క్రియనే వాళ్ళూ వాడతారు. మనం పదో తరగతిలో చెప్పే క్త్వార్థకం అచ్చంగా వాళ్ళ "తె" రూపం చేసే పనే చేస్తోంది: వెళ్ళి, కొని, తెచ్చి. "అని అనుకుంటున్నాను" అనాలంటే "తొ ఒమొఇమస్". ఆ "తొ" మన "అని"యే. మనుషుల్ని లెక్కపెట్టడానికి వాళ్ళకీ వేరే మాటలున్నాయి. హితొరి, ఫుతరి అంటే ఒకరు, ఇద్దరు. అన్నకీ తమ్ముడికీ, అక్కకీ చెల్లికీ విడివిడిగా పేర్లున్నాయి. ఇంగ్లీషు పాఠం వీటిని పెద్ద వింతల్లా వివరిస్తుంటే నాకు చుట్టాల ఇంటికి వెళ్ళినట్టుండేది.

ధ్వనుల్లోనూ అంతే. "త్సుకుఎ" అంటే బల్ల. ఆ "త్సు" కోసం నోటిని కొత్తగా తిప్పక్కర్లేదు, చుట్టంలో, చలిలో మనం పలికే దంత్య చకారమే అది. "షిన్‌బున్" అని రాసే మాట "షింబున్" అని వినిపిస్తుంది, సున్నా దాని తర్వాత వచ్చే అక్షరాన్ని బట్టి మారడమే. మూడో అంతస్తు "సన్" + "కై" = "సన్‌గై" అయినప్పుడు సరళాదేశ సంధి గుర్తొచ్చి ఎంత సంతోషించానో. తీరా నాలుగో అంతస్తుకి వస్తే "యొన్‌కై"! అక్కడ సంధి లేదు. రెండు రోజులు మనసు చివుక్కుమంది.

ఒక్కటి మాత్రం నేర్చుకునేవాళ్ళకి గట్టిగా చెప్తాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోకండి, తెలుగులో రాసుకోండి. ఒబసన్ అంటే అత్తయ్య లేదా పిన్ని, ఒబాసన్ అంటే బామ్మ. ఒక్క దీర్ఘమే తేడా. మన లిపిలో అది కనబడుతుంది, ఒత్తూ కనబడుతుంది.

తెలుగే దారి తప్పించిన చోట్లూ ఉన్నాయి. మనకి పుస్తకమూ ఉంది, కుక్కా ఉంది. అదే లెక్కన "ఇను గ అరిమస్" అన్నాను. జపనీస్‌లో మనుషులకీ జంతువులకీ "ఇమస్", చెట్లకీ వస్తువులకీ "అరిమస్", కుక్క మనిషి పక్షాన చేరుతుంది. మహత్తు, అమహత్తు అని పిల్లలకి నేర్పిన నేను ఆ గీతని ఇంకోచోట గీసుకోవడానికి నెల పట్టింది. ఇంకో చిక్కు, వాళ్ళ క్రియ చివర ఎవరన్నది ఉండదు. తిన్నాను, తిన్నావు, తిన్నాడు అన్నిటికీ "తబెమషిత" ఒక్కటే. ఎవరు తిన్నారో సందర్భాన్ని బట్టి వినాలి.

మధ్యాహ్నాలు జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వరల్డ్ ఉచితంగా పెట్టిన 48 పాఠాలు వినేదాన్ని, ఒక్కోటి పది నిమిషాలు. థాయిలాండ్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఆన్నా అనే అమ్మాయి కథ అది. ఇంకెక్కడో దొరికిన మరో ఆడియో కోర్సులో ప్రతి వాక్యానికీ "అనత" అని నేర్పారు, అంటే మీరు అని. మా అమ్మాయితో అలాగే మాట్లాడితే, "వద్దమ్మా, పేరుకి సన్ చేర్చి పిలువు, లేదా అసలేమీ అనకు" అంది. ఆ కోర్సు అక్కడితో మానేశాను.

జనవరి చివర కవాసాకి చేరాను. మొదటిసారి ఒక్కదాన్నీ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, ముల్లంగి, పాలకూర తీసుకుని కౌంటర్ దగ్గర నిలబడితే, ఆ అమ్మాయి ఒక్క ఊపులో ఏదో అడిగింది. పాఠాల్లో ఎప్పుడూ వినని మాటలు. పాఠంలో గొంతులు మర్యాదగా, నిదానంగా ఉంటాయి, పని మీదున్న మనిషి అలా మాట్లాడదు. ఆ సాయంత్రం అమ్మాయిని అడిగి నేర్చుకున్నాను. 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచికి డబ్బు తీసుకోవాలని రూలట, అందుకని "ఫుకురొ" కావాలా అని అడుగుతారు. తర్వాత పాయింట్ కార్డు ఉందా అంటారు. అక్కర్లేకపోతే "దైజోబు దెస్" చాలు. మర్నాడు అదే కౌంటర్‌కి వెళ్ళి, సంచి ఇంటినుంచి తెచ్చుకుని మరీ, రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పి వచ్చాను.

పాప పుట్టిన నెలకి ఎండ తగలనిద్దామని ఎత్తుకుని కిందకి దిగుతుంటే, లిఫ్ట్‌లో ఒక పెద్దావిడ తొంగిచూసి "ఒమగొసన్ దెస్ క?" అంది. మీ మనవరాలా అని. ఎదుటివాళ్ళ మనిషికి ముందు "ఒ", వెనక "సన్" పెడతారు, మనవాళ్ళకి పెట్టుకోకూడదు. మన పేరుకి మనం గారు చేర్చుకోనట్టే. "హై, మగొ దెస్" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. ఇంకేదో గబగబా అడిగింది. "మో ఇచిదొ, ఒనెగైషిమస్" అన్నాను, ఇంకోసారి చెప్పండి అని. ఆవిడ వేలు పాప వైపు చూపిస్తూ నెమ్మదిగా, మాట మాట విడదీసి, "నన్… కగెత్సు… దెస్ క?" అంది.

ఎన్ని నెలలు అని అడుగుతోంది.

"ఇక్కగెత్సు దెస్," అన్నాను.